‘బ్యాక్‌డోర్ మాల్వేర్’ని దొడ్డిదారి అనవచ్చా?

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలో పెట్టడానికి కంప్యూటర్ భద్రత మీద చిన్న కరపత్రం రాస్తున్నాం. ‘బ్యాక్‌డోర్ మాల్వేర్’ అన్న మాట, అంటే కంప్యూటర్లో రహస్యంగా చేరి దాన్ని బయటివాడి చేతికి అప్పగించే హానికర ప్రోగ్రాం, అందులో అడుగడుగునా వస్తోంది. పత్రికల్లో ‘దొడ్డిదారి’ చూశాను. చదివేవాళ్ళలో రిటైరైన మాస్టార్లు ఉంటారు, డిగ్రీ పిల్లలు ఉంటారు. ఆ మాటే ఖాయం చేసుకోమంటారా?

జవాబు: దొడ్డిదారి చక్కని తెలుగు మాటేనండి. గోదావరి వైపు దొడ్డి అంటే పెరడు. వంటింటి వెనక, నూతి వైపు తెరుచుకునేది దొడ్డిగుమ్మం. పత్రికలో ‘దొడ్డిదారిన నియామకాలు’ అని చదివితే వేరే వివరణ అక్కర్లేదు, అడ్డదారి అని తెలిసిపోతుంది. కానీ మీ కరపత్రానికి అది చాలదని నాకు అనిపిస్తోంది. అది ఎటు నుంచి వచ్చిందో చెబుతుంది గానీ, వచ్చినది లోపల కూర్చుని ఏం చేస్తోందో చెప్పదు. జనం తెలుసుకోవలసింది ఆ రెండోదే.

పాత రోజుల్లో ఈ మాట అతికినట్టు సరిపోయేది. 1998లో లాస్ వేగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ సమావేశంలో ‘కల్ట్ ఆఫ్ ది డెడ్ కౌ’ అనే హ్యాకర్ల బృందం ‘బ్యాక్ ఆరిఫిస్’ అనే ప్రోగ్రాంను విడుదల చేసింది. విండోస్ 95, 98 ఉన్న కంప్యూటర్లో అది చేరితే, మామూలుగా 31337 అనే పోర్టు (నెట్ రాకపోకలకు కంప్యూటర్లో ఉండే నంబరు గల ద్వారం) తెరిచి కూర్చునేది. బయటివాడు ఆ నంబరు తట్టి లోపలికొచ్చేవాడు. ఫైళ్ళు చూసేవాడు, కీబోర్డు మీద ఏం కొట్టారో చదివేవాడు. తలుపు తెరిచి ఉంది, దొంగ బయటి నుంచి వచ్చాడు. దొడ్డిదారే.

ఇప్పుడలా లేదు. ఇళ్ళలో రౌటర్లు, విండోస్‌లో ఫైర్‌వాల్ (అనుమతి లేని కనెక్షన్లను ఆపే కాపలా) వచ్చాక బయటి నుంచి తడితే చాలావరకు లోపలికి అందదు. అందుకని దారి తిప్పేశారు. లోపల చేరిన ప్రోగ్రామే బయటికి ఫోన్ చేసినట్టు తన యజమాని సర్వర్‌కు కనెక్ట్ అవుతుంది, ‘ఏం చేయమంటావు?’ అని అడుగుతుంది. మనం బ్రౌజర్లో పేపరు చదువుకోవడం ఎలా లోపలి నుంచి బయటికి వెళ్ళే కనెక్షనో, ఇదీ అంతే. ఫైర్‌వాల్ అడ్డుచెప్పదు. అటు నుంచి ‘ఈ ఫైలు పంపు’, ‘కెమెరా తెరువు’, ‘ఇంకో ప్రోగ్రాం దించుకో’ అని ఆజ్ఞలు వస్తాయి.

వచ్చే దారి కూడా దొడ్డిదారి కానక్కర్లేదు. 2017 ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 12 వరకు కంప్యూటర్లో చెత్త ఫైళ్ళు శుభ్రం చేసే సీక్లీనర్ అనే ప్రోగ్రాం 5.33 వెర్షన్ సొంత సైట్ నుంచే, ఆ కంపెనీదేనని చెప్పే సరైన డిజిటల్ సంతకంతోనే జనానికి వెళ్ళింది. దాని లోపల బ్యాక్‌డోర్ ఉంది. దాదాపు 22.7 లక్షల మంది కంప్యూటర్లలో అది చేరింది. కంప్యూటర్ పేరు, అందులో ఏ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయో ఆ జాబితా బయటికి పంపింది. రెండో విడత సరుకును మాత్రం ఏరికోరి కొన్ని పెద్ద టెక్నాలజీ కంపెనీల కంప్యూటర్లకే దించింది. కంపెనీ సైట్‌కు వెళ్ళి, నమ్మకంగా డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళను మనం దొడ్డిదారి గురించి హెచ్చరించి ఏం లాభం? అది సింహద్వారం నుంచే వచ్చింది.

నాకైతే ఇక్కడ ‘ఇంటిదొంగ’ అన్న మాట ఎక్కువ సరిపోతుందనిపిస్తుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అన్న సామెత మీ పాఠకులకు పుట్టుకతో వచ్చిందే. తలుపు వేసుకుంటే సరిపోదు, లోపల ఉన్నవాణ్ణి పట్టుకోవాలి అన్న ఊహ ఆ ఒక్క మాటలోనే ఉంది.

కరీంనగర్ నుంచి ఒకరు: మా దిక్కు దొడ్డి అంటే పశువులను కట్టేసే జాగ. ఎవరి చేన్లనన్న పడి మేసిన గొడ్లను తోలుకపోయి పెట్టేది బందెలదొడ్డి. దొడ్డిదారి అన్నది పేపర్ల చదివి నేర్సుకున్న మాటే, ఇంట్ల మాట్లాడంగ మా అమ్మ నోట ఎన్నడు వినలే. ఇంటిదొంగ అంటే మాత్రం అందరికి ఎరుకే.

జవాబు: చాలా విలువైన మాట చెప్పారండి. ఒకచోట పెరడు, ఒకచోట పశువుల పాక. రెండు రాష్ట్రాల వాళ్ళూ చదివే కరపత్రానికి ఇది చూసుకోవాల్సిందే.

అయితే అడిగినవారికి ఒక మనవి. శీర్షికలో మాత్రం ‘బ్యాక్‌డోర్’ అనే ఉంచండి. యాంటీవైరస్ దాన్ని పట్టుకున్నప్పుడు తెర మీద కనిపించే పేరు చాలాసార్లు ఆ మాటతోనే మొదలవుతుంది. విండోస్ డిఫెండర్‌లో ‘బ్యాక్‌డోర్’ అని, పక్కన కోలన్, ఆ తర్వాత ‘విన్32’ వగైరా ఉంటాయి. కరపత్రంలో తెలుగు మాటే చదివినవాళ్ళు ఆ పేరు చూసి ఇదే అని గుర్తుపట్టలేకపోతే మన శ్రమ వృథా. పేరు బ్యాక్‌డోర్, వివరణ ‘లోపల ఉండి బయటివాడికి గడియ తీసే ఇంటిదొంగ’. అలా పెడితే రెండూ నిలుస్తాయి.

ప్రశ్న: బాగుందండి. మరి ‘రిమూవల్’కి తొలగింపు అని రాశాను. ఒక మిత్రుడు ‘నిర్మూలన’ అన్నారు. ఆ భాగంలో ఏమేం ఉండాలో కూడా చెబితే మేలు.

జవాబు: నిర్మూలన అంటే మలేరియా కార్యక్రమం గుర్తొస్తుంది. తొలగింపు అంటే ఒక ఫైలు నొక్కి డిలీట్ కొట్టినట్టు ఉంటుంది. ‘వదిలించుకోవడం’ రాయండి. పట్టుకున్నది అంత సులువుగా పోదన్న సంగతి ఆ క్రియలోనే ఉంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసినా ఇది తిరిగి లేచేలా ఏర్పాటు చేసుకుంటుంది. దానికీ మనకో నుడికారం ఉంది, తిష్ఠ వేయడం. ఎక్కడ తిష్ఠ వేసిందో చూడటమే వదిలించుకోవడంలో పెద్ద పని.

ముందు నెట్ తీసేయమనండి. వైఫై ఆపాలి, తీగ ఉంటే పీకాలి. ఆజ్ఞలు అందకుండా చేయడం మొదటి మెట్టు. వెంటనే పాస్‌వర్డులు మార్చాలి, కానీ ఆ కంప్యూటర్లో కాదు. వేరే ఫోన్‌లోనో, ఇంకో కంప్యూటర్లోనో మార్చాలి. కీబోర్డు మీద కొట్టేది చదువుతున్నవాడి ఎదుటే కొత్త పాస్‌వర్డు కొడితే ఏం ప్రయోజనం? ముందు మెయిల్, తర్వాత బ్యాంకు. ‘అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్’ అన్నది తప్పకుండా నొక్కాలి. బ్రౌజర్లో దాచి ఉన్న లాగిన్ గుర్తులను ఎత్తుకెళ్ళి ఉంటే పాస్‌వర్డు లేకుండానే ఖాతాలోకి దిగుతారు.

ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాలి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. సుమారు పావుగంట పడుతుంది. విండోస్ నడుస్తుండగా దాక్కోగలిగేవి అప్పుడు దాక్కోలేవు. విండోస్ సెక్యూరిటీలోనే ‘ఎక్స్‌క్లూజన్స్’ అనే జాబితా ఉంటుంది, అంటే వెతకవద్దని చెప్పిన ఫోల్డర్లు. మీరు పెట్టని పేరు అందులో ఉంటే ఆ దొంగ తనకు తానే రాసుకున్న మినహాయింపు కావచ్చు.

తిష్ఠ చూడటానికి మైక్రోసాఫ్ట్ వాళ్ళదే ‘ఆటోరన్స్’ అనే ఉచిత పరికరం ఉంది. కంప్యూటర్ లేవగానే వాటంతటవి నడిచేవన్నీ అందులో వరుసగా కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్‌వి దాచేయమంటే జాబితా కుదించుకుపోతుంది. ఇక్కడ పేరు కంటే చిరునామా చూడమని గట్టిగా రాయండి. ‘ఎస్‌వీసీహోస్ట్’ అనేది విండోస్‌లో నిజంగా ఉండే ప్రోగ్రామే, దాని చోటు విండోస్‌లోని సిస్టం32. అదే పేరుతో ఒకటి ‘యాప్‌డేటా’లో రోమింగ్ అనే ఫోల్డర్లో కూర్చుని ఉంటే, పేరు మనవాళ్ళది, ఇల్లు వేరేవాళ్ళది. దాన్ని అనుమానించాల్సిందే. వేళకు ప్రోగ్రాంలను వాటంతటవే నడిపే టాస్క్ షెడ్యూలర్ కూడా తెరిచి చూడాలి, చాలామంది దాని జోలికే పోరు.

ఇంతా చేశాక నమ్మకం కుదురుతుందా? నా అభిప్రాయం అడిగితే, బ్యాక్‌డోర్ అని తేలిన కంప్యూటర్‌కు ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేయడమే మేలు. స్కాన్‌కు దొరికింది ఒకటే కావచ్చు. అది ఈలోగా ఇంకేం దించిపెట్టిందో ఎవరు చెప్పగలరు? 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో, శుభ్రమైన వేరే కంప్యూటర్ మీద, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే ఇన్‌స్టాలర్ తయారు చేసుకోవాలి. ఫోటోలు, పత్రాలు విడిగా దాచుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసే ఫైళ్ళు మాత్రం వెంట తెచ్చుకోకూడదు.

మన భాషా సమూహాలకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది, మీ కరపత్రంలో చోటు చూసి కలపండి. మనకు ఉచిత ఫాంట్లు, నిఘంటువులు, పాత పుస్తకాల పీడీఎఫ్‌లు అంటే ప్రాణం. ఎవరో పంపగానే తెరిచేస్తాం. విండోస్ మామూలుగా ఫైలు పేరులో చివరి భాగాన్ని దాచిపెడుతుంది. అందుకని ‘నిఘంటువు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ’ (ఈఎక్స్ఈ అంటే పత్రం కాదు, ప్రోగ్రాం) అన్నది మనకు ‘నిఘంటువు డాట్ పీడీఎఫ్’గానే కనిపిస్తుంది. వ్యూ మెనూలో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ దగ్గర టిక్ పెడితే అసలు తోక బయటపడుతుంది. లైసెన్సు లేకుండా వాడేలా క్రాక్ చేసిన ఫాంట్ ప్యాకేజీలతో పాటు ‘ముందు యాంటీవైరస్ ఆపేయండి’ అని సూచన వస్తే అక్కడే ఆగిపోవాలి. డీటీపీ చేసేవాళ్ళకు ఈ ముక్క ప్రత్యేకంగా చెప్పండి. వాళ్ళ పెన్‌డ్రైవ్ ఊళ్ళో ఎన్ని కంప్యూటర్లు తిరుగుతుందో మీకు తెలియంది కాదు.

డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల జాతీయ సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు పెద్ద అక్షరాల్లో, మొదటి పేజీలోనే ఉండాలి. ముసాయిదా పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి. కరీంనగర్ వారూ నేనూ చెరో వైపు నుంచి మాటలు సరిచూస్తాం.