సమస్య: "రామునొద్ద హనుమ రాకపోయె" – పూరణలు, చర్చ

నిర్వాహకుడు (కడప):
ఈ వారం సమస్య, అంటే పద్యానికి చివరి పాదం. పై మూడు పాదాలూ మీరు పూరించాలి:

రామునొద్ద హనుమ రాకపోయె

మొన్న ఒంటిమిట్ట రాముడి గుడికి పోయినప్పుడు గర్భగుడి ముందు ఒక చిన్నపాప వాళ్ళ నాయనను అడిగింది, "హనుమంతుడు ఏడి నాయనా?" అని. ఆయన ఏం చెప్పాడో వినేలోపు వెనక జనం తోసేశారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చున్నాక ఈ పాదం దానంతటదే వచ్చింది. ఆదివారం రాత్రి వరకు పంపండి.

పాపఘ్ని (వేంపల్లె):
ఆ పాపకే జవాబు రాశాను.

ఒంటిమిట్టలోన నొక్కరాతిని మూడు
మూర్తులమరె నాడు మునుల కొరకు
కపులతోడఁ జెలిమి కలుగక మునుపటి
రామునొద్ద హనుమ రాకపోయె

సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉన్నారు. జాంబవంతుడి ప్రతిష్ఠ అంటారు. ఏకశిలానగరం అన్న పేరు అందుకే.

తుంగభద్ర (కర్నూలు):
మాస్టారూ, "మునుపటి రాముడు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. రాముడికి కూడా ఒక మునుపు ఉందని, ఆ మునుపులో హనుమ లేడని ఎప్పుడూ అనుకోలేదు. సమస్యలో ఉన్న లోటు ఆ ఒక్క విశేషణంతో తీరిపోయింది.

పెన్నేటి గట్టు (అనంతపురం):
మూడో పాదం చాలా బాగుంది, ఒప్పుకుంటాను. రెండో పాదంలో "మునుల కొరకు" మాత్రం యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదరడం కోసం, తెచ్చి పెట్టినట్టుంది. ఏ మునులు? ఎందుకు?

పాపఘ్ని:
తెచ్చిపెట్టింది కాదన్నా. మృకండు మహర్షి, శృంగి మహర్షి యాగరక్షణకు పిలిస్తే రాముడు ఇక్కడికి వచ్చాడని స్థలపురాణం. మునుల మాట తీసేస్తే అడవిలో రాముడు ఇటు ఎందుకు వచ్చాడో తెలియదు.

పెన్నేటి గట్టు:
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇదిగో మా వైపు నుంచి:

నేలఁ గూలినట్టి నెత్తుటి పక్షిని
లేచి రమ్ము పక్షి! లెమ్మటంచుఁ
జేత నిమురు వేళఁ జెంత సోదరుఁ డుండ
రామునొద్ద హనుమ రాకపోయె

ఒంటిమిట్ట ఒక్కటేనా, లేపక్షిలో కూడా రాముడి పక్కన హనుమ లేడు. జటాయువు పడిపోయింది ఇక్కడే అనీ, రాముడు "లే పక్షీ" అన్నందుకే ఊరికి ఆ పేరనీ మా పెద్దలు చెప్పారు. అరణ్యకాండలో హనుమ ఎక్కడ? ఆయన్ని చూడాలంటే కిష్కింధ దాకా పోవాలి.

పాపఘ్ని:
భావం మంచిది. "నెత్తుటి పక్షి" కళ్ళకు కట్టింది. రెండు మాటలు మాత్రం చెప్పక తప్పదు. మొదటిది, వరుసగా రెండు పాదాల్లో పక్షి రెండుసార్లు వచ్చింది. రెండోది, "సోదరుఁ డుండ హనుమ రాకపోయె" అని చదివితే తమ్ముడు ఉన్నాడు కాబట్టి హనుమ రాలేదన్నట్టు తోస్తుంది. ఉండగా అన్నది మీ ఉద్దేశం, ఉండటం వల్ల అన్నది నాకు వినపడిన అర్థం.

పెన్నేటి గట్టు:
పక్షి రెండోసారి వచ్చింది పిలుపు కాబట్టి. పడిపోయినవాణ్ణి లేపేటప్పుడు పేరు పెట్టి పిలుస్తాం కదా! ఇక లేపక్షి గురించి మీరు నాకు చెప్పడమా? శివరాత్రి సమస్యకు అక్కడి నాగలింగం (నాగు పడగ పట్టిన శివలింగం) మీద మీరు రాసిన పూరణలో పడగలు ఎన్నో గుర్తుందా? ఐదు! లేపక్షి నాగుకు ఏడు పడగలు. యతి కుదరలేదని రెండు పడగలు తీసేశారు. తమ అమ్మ వంట చేసేలోపు ఆ నాగును శిల్పులు ఏడు పడగలతో చెక్కేశారని కథ చెప్తారు. ఆ రాతి మీద రెండు పడగలు తగ్గించే హక్కు మనకెక్కడిది?

పాపఘ్ని:
ఆ పద్యంలో నాదే తప్పు. అప్పుడే ఒప్పుకున్నాను, ఇప్పుడూ ఒప్పుకుంటున్నాను.

చిత్రావతి (ధర్మవరం):
నాగలింగం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పనివ్వండి. లేపక్షి ఊరి మొదట్లో ఉన్న ఏకశిల నంది గుడికి దాదాపు 200 మీటర్ల దూరంలో ఉంటుంది. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. గుడి వీరభద్రుడిదైనా ఆ నంది చూపు నాగలింగం మీదే. నేను అక్కడ నిలబడి నంది మెడ ఎత్తిన తీరును చాలాసేపు చూశాను. నంది, నాగలింగం ఒకదాని పక్కన ఒకటి లేవు కానీ రెండింటినీ చూపు కలిపింది. శిల్పంలో దగ్గరగా ఉండటం అంటే పక్కనే నిలబడటం ఒక్కటే కాదు. ఈ సమస్యకు కూడా ఈ మాట పనికొస్తుందనిపించింది.

కొత్త చిగురు (ఆదోని):
అందరికీ నమస్కారం. ఇది నా మొదటి పూరణ. తప్పులుంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

మైరావణుని యింట మాయదీపము లైదు
నైదు మోములెత్తి హనుమ యార్పె
నెట్టులంటిరయ్య యీ మాట మీరలు
రామునొద్ద హనుమ రాకపోయె

మాకు మంత్రాలయం దగ్గర. తుంగభద్ర నది దాటి పంచముఖి ఆంజనేయుడి గుడికి చిన్నప్పటి నుంచి పోతుంటాం. మైరావణుడు రాముణ్ణి పాతాళానికి ఎత్తుకుపోతే హనుమ అక్కడికీ వెళ్ళిన కథ ఇది. అక్కడి స్వామిని తలుచుకుని రాశాను.

పెన్నేటి గట్టు:
"మైరా" అనగానే రెండు గురువులు పడ్డాయి చెల్లీ. మొదటి అడుగులోనే గణం (గురులఘువుల లెక్క) పోయింది.

తుంగభద్ర:
గణం పోయింది, నిజమే. ముందు ఆ అమ్మాయి ఏం చేసిందో చూడండి. ఐదు దీపాలు ఒక్కసారే ఆర్పాలి, అందుకు ఐదు ముఖాలు కావాలి. తూర్పుకు హనుమ, దక్షిణానికి నరసింహుడు, పడమరకు గరుత్మంతుడు, ఉత్తరానికి వరాహం, పైకి హయగ్రీవం. ఒక్కో దీపానికి ఒక్కో ముఖం. "లైదు, నైదు" అని రెండు పాదాల అంచున దీపాలను, మోములను ఎదురెదురుగా నిలబెట్టింది. మొదటి పూరణలో ఇది మామూలు విషయం కాదు.

మొదటి పాదాన్ని ఇలా మార్చుకో అమ్మా:

మహికి నడుగునందు మాయదీపము లైదు

పాతాళం అన్న మాట లేకుండానే పాతాళం వచ్చేసింది.

కొత్త చిగురు:
చాలా థాంక్స్ అక్కా. "మహికి నడుగునందు" నేను రాసినదానికన్నా బాగుంది. నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను.

నిర్వాహకుడు:
పాదాన్ని ఎవరో అన్న మాటగా చూపి "ఎట్టులంటిరయ్య" అని కాదనడం పాత దారే. కానీ కాదనడానికి తెచ్చిన సాక్ష్యం గట్టిది.

తుంగభద్ర:
ఇప్పుడు నాది.

సీత జాడ తెలిసెఁ, జేతిలో మణి నిల్చెఁ
గన్నులందు నీటి కడలి పొంగె
నెలలకొలఁది గుండె నిండిన వెతయెల్ల
రామునొద్ద హనుమ రాకఁ బోయె

చిత్రావతి:
అబ్బా! హనుమ "రాక"! రాకపోవడాన్ని రావడం చేసేశారు అక్కా. వెతే పోయింది, హనుమ వచ్చాడు. మూడుసార్లు చదివాను.

పాపఘ్ని:
విరుపు అద్భుతం. కానీ ఇచ్చిన పాదం "రాకపోయె", మీరు రాసింది "రాకఁ బోయె". ప పోయి బ వచ్చింది. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరమైనా మారకూడదు కదా?

తుంగభద్ర:
రాకన్ + పోయె. ద్రుతం (చివరి న్) మీద పరుషానికి (ప) సరళం (బ) రావాలి. ప అలాగే ఉంచితే వ్యాకరణం తప్పు, బ చేస్తే సమస్య మారిందంటారు. రెండింటిలో వ్యాకరణం వైపే నిలబడ్డాను మాస్టారూ.

పెన్నేటి గట్టు:
ఈసారి నా ఓటు కర్నూలుకే. అవధానాల్లో ఇలాంటి సరళాదేశాన్ని పృచ్ఛకులు (సమస్య ఇచ్చేవాళ్ళు) ఒప్పుకోవడం నేను చూశాను. చెవికి పాదం అదే పాదం. అదీ కాక "నీటి కడలి పొంగె" అన్న మాట ఎంత ముందుచూపుతో వేశారో చూడండి. చూడామణి అందుకుని రాముడు ఏడ్చాడు, ఆ తర్వాత దాటాల్సింది నిజం కడలి. ఆ కడలి ముందే ఆయన కళ్ళలోకి వచ్చేసింది.

నిర్వాహకుడు:
ఒప్పుకుంటున్నాను. బకారం ఉంటుంది.

పాపఘ్ని:
మీరందరూ అన్నాక నేనూ ఒప్పుకుంటాను. రాత్రి నిద్ర పట్టక ఇంకోటి రాశాను. ఇది మా గండి ఆంజనేయస్వామి మీద.

అమ్ము మొనను గీసె నాంజనేయుని రూపు
గండి రాతి మీదఁ గనఁగ మనకు
వ్రేలు గీయకుండ వెడలిన దొరయైన
రామునొద్ద హనుమ రాకపోయె

లంక నుంచి తిరిగి వచ్చేటప్పుడు రాముడు పాపఘ్ని నది ఒడ్డున ఆగి బాణం మొనతో కొండరాతి మీద హనుమ రూపం గీశాడు. చిటికెన వేలు గీయకుండానే బయల్దేరాడు. తర్వాత ఆ వేలు చెక్కబోతే రక్తం వచ్చిందని చెప్తారు. రాముడు వెళ్ళిపోయాడు, రాతిలో ఉన్న హనుమ మాత్రం ఆయన వెంట పోలేదు. ఇక్కడే మాతో ఉండిపోయాడు.

నిర్వాహకుడు:
మాస్టారూ, ఈ పద్యం చదివాక ఆ పాప ప్రశ్నకు నా జవాబు నాకు దొరికింది.

ఒకే జిల్లాలో ఒంటిమిట్ట గర్భగుడిలో హనుమ లేని రాముడు, గండిలో రాముడు లేని హనుమ. రామకథలో మొదటిది హనుమ కలవక ముందు, రెండోది యుద్ధం ముగిశాక. బొమ్మలో హనుమ ఉన్నాడా లేడా అన్నది చూస్తే చాలు, కథలో మనం ఏ కాండలో నిలబడ్డామో తెలిసిపోతుంది. పట్టాభిషేకం పటంలో కాళ్ళ దగ్గర హనుమ కూర్చుని ఉంటే కథ ముగిసింది, అందరూ ఇల్లు చేరారు. ఒంటిమిట్టలో ఆయన చోటు ఖాళీగా ఉంది కాబట్టి అక్కడి రాముడికి అసలు కష్టం ఇంకా ముందుంది. సీత ఇంకా పక్కనే ఉంది. శిల్పి ఎవరినీ మరిచిపోలేదు. ఆ ఖాళీని కూడా చెక్కాడు. గుడికి ఎదురుగా బయట సంజీవరాయడి (హనుమ) గుడి ఉంది కదా, భక్తుడు అక్కడ నిలబడి లోపలికి చూస్తున్నాడు. కథలో ఇంకా రాలేదు, భక్తిలో మాత్రం వచ్చేశాడు. చిత్రావతి గారు నంది చూపు గురించి అన్నది నాకు ఇక్కడ అర్థమైంది.

చిత్రావతి:
కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి దగ్గర కూడా అంతే సార్. వ్యాసరాయల వారి ప్రతిష్ఠ. ముఖం పక్కకు తిరిగి ఉండటం వల్ల మనకు ఒక్క కన్నే కనిపిస్తుంది. రెండో కన్ను లేదని ఎవరైనా అంటారా? అది రాతికి అవతలి వైపు చూస్తోంది.

పెన్నేటి గట్టు:
మాస్టారూ, గండి పద్యం మొదటి రెండు పాదాలకు చేతులెత్తి మొక్కాను. మూడో పాదం దగ్గర మాత్రం మనసు ఒప్పలేదు. "వ్రేలు" అంటే ఏ వేలు? పదింటిలో ఏదైనా కావచ్చు. గండి కథ అంతా ఆ చిటికెన వేలులోనే ఉంది. పెద్ద వేలు వదిలేస్తే అది మతిమరుపు అయ్యేది. చిటికెన వేలు వదిలేయడంలో ప్రేమ ఉంది, ఇంకొక్క గీత గీస్తే చాలు అన్నంత దగ్గరగా వచ్చి ఆగిపోవడం ఉంది. "దొరయైన" కూడా పాదం నిండటానికే వచ్చింది. మీరు ఏమీ అనుకోకపోతే ఇలా:

చిటికెనొకటి విడిచి శీఘ్రమే చనినట్టి
రామునొద్ద హనుమ రాకపోయె

తుంగభద్ర:
చిటికెనకు శీఘ్రం! యతి కూడా ఎంత హాయిగా పడిందో.

పాపఘ్ని:
అన్నా, నలభై ఏళ్ళుగా ఆ రాతి ముందు నిలబడుతున్నాను. ఆ వేలు పేరు నా పద్యంలోకి రాలేదు, మీ పాదంలోకి వచ్చింది. మీరు నా పడగలు లెక్కపెట్టినందుకు ఇన్నాళ్ళూ మనసులో కొంచెం బాధ ఉండేది. వేళ్ళు కూడా అంత శ్రద్ధగానే లెక్కపెట్టారు. ఈ పద్యం కింద ఇద్దరి పేర్లూ ఉండాలి, నిర్వాహకులు గారు అలాగే ఎక్కించండి.

శ్రావణమాసం శనివారాల్లో గండికి జనం బాగా వస్తారు. మొదటి శనివారం తెల్లవారకముందే పోతే స్వామి ముందు నిలబడి పద్యం చదవడానికి వీలుంటుంది. వేంపల్లెలో మా ఇంట్లో దిగండి.

పెన్నేటి గట్టు:
శుక్రవారం రాత్రికే వస్తాను మాస్టారూ. మీరు పై రెండు పాదాలు చదవండి, కింది రెండూ నేను చదువుతా.