పాదం ముందు భాగంలో ఏడాదిగా నొప్పి: ఫిజియోథెరపీతో తగ్గుతుందా?

ప్రశ్న:
నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, రోజులో ఎక్కువసేపు నిలబడే ఉంటాను. ఏడాదికి పైగా కుడి అరికాలిలో, రెండు, మూడు వేళ్ళ మొదళ్ళ కింద, గులకరాయి మీద అడుగు వేసినట్టు నొప్పి వస్తోంది. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. మాత్రలు వాడినన్నాళ్ళు తగ్గి, మానగానే మళ్ళీ మొదలవుతోంది. మెత్తటి చెప్పులు మార్చినా గుణం కనిపించలేదు. ఫిజియోథెరపీ వల్ల ప్రయోజనం ఉంటుందా?

జవాబు 1 (ఫిజియోథెరపిస్ట్):
నమస్కారం మేడమ్. చాలామందికి ఉంటుంది. నొప్పి పాదం ముందు భాగంలో ఉన్నా, నేను మొదట పరీక్షించేది పిక్కను. పిక్క కండరం బిగుసుకుపోతే చీలమండ తగినంత వంగదు, నడకలో మడమ తొందరగా నేలను వదిలేస్తుంది, దాంతో ఒంటి బరువు వేళ్ళ మొదళ్ళ మీద ఎక్కువసేపు నిలుస్తుంది. గోడకు చేతులు ఆనించి, కుడికాలు వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ లేవకుండా ముందుకు వాలి 30 సెకన్లు ఆగండి. ఇలా మూడేసి సార్లు రెండు పూటలా చేయండి. దీనితోపాటు, వేళ్ళు ముడవకుండా పాదం వంపును పైకి లాగి పట్టుకోవడం సాధన చేస్తే పాదంలోని చిన్న కండరాలు బలపడతాయి. ఫలితం తెలియడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది, మధ్యలో మానకండి.

చెప్పులో మెటాటార్సల్ ప్యాడ్ (వేళ్ళ మొదళ్ళ మీద ఒత్తిడి తగ్గించే చిన్న మెత్త) అమర్చేటప్పుడు చాలామంది దాన్ని సరిగ్గా నొప్పి ఉన్నచోటే పెడతారు, దానివల్ల అక్కడ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నొప్పి ఉన్నచోట కాస్త తడి కుంకుమ అద్ది చెప్పులో అడుగు వేయండి. ఆ గుర్తుకు కొంచెం వెనక, మడమ వైపున ప్యాడ్ ఉండాలి.

జవాబు 2:
వ్యాయామం మొదలుపెట్టే ముందు కొన్ని విషయాలు తేల్చుకోవడం మంచిది. మూడు, నాలుగు వేళ్ళ మధ్య మంట, తిమ్మిరి ఉంటే అది నరం ఒత్తిడి కావచ్చు. పాదం పైభాగంలో వాపు ఉండి, ఒకేచోట నొక్కితే నొప్పి పుడితే, ఎముకలో సన్నని పగులు తొలి ఎక్స్‌రేలో కనిపించకపోయే అవకాశం ఉంది. ఉదయం లేవగానే రెండు పాదాలూ చాలాసేపు బిగుసుకుని ఉంటే కీళ్ళవాతానికి రక్తపరీక్ష అవసరం. షుగర్ ఉన్నవారు అరికాలి స్పర్శను పరీక్షించుకోకుండా ప్యాడ్లు వాడకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. వాపు గాని, షుగర్ గాని లేవు. ఇంట్లో గ్రానైట్ నేల మీద ఉత్త కాళ్ళతో తిరగవచ్చా?

జవాబు 1:
నొప్పి తగ్గేవరకు వద్దండి. ముందు భాగం వెడల్పుగా, మడమ ఎత్తు తక్కువగా, అడుగు గట్టిగా ఉన్న చెప్పుల జత ఒకటి ఇంట్లోకి విడిగా పెట్టుకుని, వంటగదిలో నిలబడేటప్పుడు కూడా అవే వేసుకోండి.