డిగ్రీ కాలేజీల లైబ్రేరియన్ మాట వినాలంటే ఏం జెయ్యాలె?

నల్లగొండ జిల్లాల ఒక సర్కారు డిగ్రీ కాలేజీల లైబ్రరీ చూస్తున్న. ఎం.ఎల్.ఐ.ఎస్సీ. (లైబ్రరీ సైన్స్‌ల పీజీ) చేసిన. పేరుకే లైబ్రేరియన్ని. అడ్మిషన్లప్పుడు దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల) డెస్కు, పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్ నాకే పడుతయి. తాళమేసి పోవాల్సి వస్తది, పిల్లలొచ్చి తిరిగి పోతరు. స్టాఫ్ మీటింగ్‌ల బడ్జెట్ మాట ఎత్తితే "ఉన్న పుస్తకాలే ఎవరు చదువుతున్నరమ్మా" అంటరు. న్యాక్ (కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) తనిఖీ దగ్గర పడుతున్నది. నా మాటకు విలువ రావాలంటే ఎట్ల? లేకుంటే ఇదంతా పక్కన పెట్టి నెట్ (లెక్చరర్, లైబ్రేరియన్ పోస్టులకు అర్హత పరీక్ష) రాసుకుని పోవుడే నయమా?

జవాబు (పాలమూరు నుంచి):
చెల్లె, నేను మహబూబ్‌నగర్ల ఈ పనిలనే తల నెరిపిన. ఒకటి చెప్త, ముందుగాల బడ్జెట్ అడగకు. "ఎవరు చదువుతున్నరు" అన్నదానికి జవాబు కాయితం మీద పెట్టు. ఇన్నేండ్ల న్యాక్ మాన్యువల్‌ల 4.2 అనే భాగమంతా మన లైబ్రరీల గురించే: సాఫ్ట్‌వేర్ ఉందా, ఈ-జర్నళ్లు (ఆన్‌లైన్ పరిశోధన పత్రికలు) ఉన్నయా, పుస్తకాల మీద ఏటా ఎంత పెట్టిన్రు, రోజుకు ఎంతమంది వాడుతున్నరు. ఆఖరుది నీ గేటు రిజిస్టర్ల నుంచే రావాలె. తాళం పడ్డ రోజు సున్న పడుతది. దాచకు. పక్కన "దోస్త్ డ్యూటీ" అని ఎర్రసిరాతో రాసి, నెలాఖరుకు ఐక్యూఏసీ (కాలేజీల న్యాక్ పని, నాణ్యత చూసే కమిటీ) కోఆర్డినేటర్‌కు ఇయ్యి. ఫిర్యాదు చేసినట్టుండదు గానీ గుచ్చుకుంటది.

ఇంకోటి పైసలు లేని పని. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని, సర్కారు కాలేజీలకు ఆన్‌లైన్ జర్నళ్లిచ్చే కేంద్రం పథకం 2025 జనవరి నుంచి నడుస్తున్నది. మూడేండ్లకు కేంద్రం 6,000 కోట్లు పెట్టింది, 30 పబ్లిషర్లవి 13,000కు పైగా జర్నళ్లున్నయి. సర్కారు కాలేజీలు కట్టేదేం లేదు, కానీ రిజిస్టర్ చేసుకోవాలె. చూసుకునేది ఇన్‌ఫ్లిబ్‌నెట్ (కాలేజీ, యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే యూజీసీ కేంద్రం). మీది అయిందో లేదో కనుక్కో. పీహెచ్‌డీ చేస్తున్న లెక్చరర్లను పక్కన కూసోబెట్టుకుని, వాళ్లకు కావల్సిన పేపర్ దింపి చూపియ్యి. రేపు మీటింగ్‌ల నీ తరఫున మాట్లాడేది వాళ్లే. మనం ఒక్కరమే అరిస్తే వినరు, అదే మాట కెమిస్ట్రీ సార్ అంటే రాసుకుంటరు. నాకూ కోపమొస్తది, ఏం జేస్తం.

జవాబు:
సార్, జర్నళ్లు సరే. తెలుగు మీడియం బీఏ పిల్లలకు వాటితో ఏం పని? మా దగ్గర రీడింగ్ రూమ్ నిండేది గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేటోళ్లతోనే. మేడమ్, తెలుగు అకాడమీ పుస్తకాలు ఇంకో సెట్ కావాలని వాళ్లతోనే దరఖాస్తు రాయించండి. "సిలబస్ పుస్తకాలు కావు కదా" అని మూతి తిప్పే లెక్చరర్లుంటరు, పట్టించుకోకండి.

జవాబు:
నెట్ మాత్రం వదలకండి. యూజీసీ 2018 రెగ్యులేషన్ల ప్రకారం కాలేజీ లైబ్రేరియన్‌కు పీజీలో 55 శాతంతో పాటు నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) కావాలి, నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసినవాళ్లకు మినహాయింపు. పే లెవల్ 10, మూల వేతనం 57,700, అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో సమానం. ఆ అర్హత చేతిలో ఉంటే మీటింగ్‌లో మీ గొంతే వేరేగా పలుకుతుంది. ఇక్కడే ఉన్నా, వేరేచోటికి పోయినా పనికొస్తది.

అడిగినామె:
అన్నా, రిజిస్ట్రేషన్ గురించి ఆఫీసుల అడిగిన, ఎవ్వరికీ తెల్వదు. సోమవారం నేనే లాగిన్ అయ్యి చూస్త. దరఖాస్తుకు పిల్లలు సై అన్నరు. ఎర్రసిరా మాత్రం వద్దు అన్నా, నాది కాంట్రాక్టు నౌకరి. నీలం సిరాతోనే రాస్త.