ఒయాసిస్ 'బీ హియర్ నౌ' ఆల్బమ్ ఏకబిగిన మొత్తం విన్నోళ్ళు ఎవరైనా ఉన్నారా? నా వల్ల కావట్లేదు

బందరురోడ్డు_బాబు:

రోజూ బెజవాడ నుంచి గుంటూరు వెళ్ళొస్తానండి, ఉద్యోగం అక్కడ కాపురం ఇక్కడ. నెహ్రూ బస్టాండ్‌లో నాన్‌స్టాప్ ఎక్కితే గంట, వారధి దగ్గర ఇరుక్కుంటే గంటంబావు. ఆ టైములో రోజుకో ఆల్బమ్ మొదట్నుంచి చివరిదాకా వినాలని ఈ మధ్య పంతం పట్టా, షఫుల్ కొట్టకూడదు, మధ్యలో రీల్స్ చూడకూడదు, పాట నచ్చకపోయినా దాటెయ్యకూడదు.

పోయిన వారం ఇంగ్లండు రాక్ బ్యాండు ఒయాసిస్ వాళ్ళ 'మార్నింగ్ గ్లోరీ' (1995) విన్నా, వండర్‌వాల్ ఉన్నది అదే. పెదకాకాని దగ్గరికొచ్చేసరికి అయిపోయింది, అప్పుడే అయిపోయిందా అనిపించి మళ్ళీ మొదటి పాట పెట్టుకున్నా. సరే దాని తర్వాత వచ్చింది కూడా చూద్దామని సోమవారం 'బీ హియర్ నౌ' (1997) మొదలెట్టా. 71 నిమిషాలు! మొదటి పాటే ఏడు నిమిషాల నలభై సెకన్లు, బస్సు వారధి ఎక్కింది, దిగింది, పాట మాత్రం దిగలేదు. అబద్ధమెందుకు, అక్కడిదాకా భలే ఉంది, కింద కృష్ణ, చెవుల్లో ఆ గిటార్లు, నేనేదో యుద్ధానికి బయల్దేరినట్టు ఫీలయ్యా, వెళ్ళేది చూస్తే ఆఫీసుకి. నాలుగో పాట స్టాండ్ బై మీ దాకా హుషారే. అక్కణ్ణుంచి ఏ పాట ఎక్కడ అయిపోయి ఏది ఎక్కడ మొదలైందో తెలీట్లేదు, మంగళగిరి దాటేసరికి కణతలు లాగుతున్నాయి, పదో పాట ఆల్ అరౌండ్ ద వరల్డ్ అయితే ఇక అయిపోయింది అనుకున్న ప్రతిసారీ ఇంకో మెట్టు పైకెక్కి మళ్ళీ అదే పాడతారు. తీసేశా. మంగళవారం మళ్ళీ పెట్టా, తీసేశా. బుధవారం కూడా అంతే, అక్కడే.

పాటలు బాలేవా అంటే అదీ కాదండి, రాత్రి ఇంట్లో ఒక్కోటి విడిగా వింటే ట్యూన్లు బానే ఉన్నాయి, వరసగా వింటేనే ఈ గొడవ. తప్పు నా చెవులదా, నా ఆరొందల రూపాయల ఇయర్‌ఫోన్లదా, ఆల్బమ్‌దా? మొత్తం వినే మార్గం ఏదైనా ఉంటే చెప్పండి, పంతం పట్టా కాబట్టి వదలబుద్ధి కావట్లేదు.

గుంటూరు_గిటార్:

ఇయర్‌ఫోన్లని తిట్టకండి పాపం, నేను మంచి స్పీకర్ల మీద విన్నా అదే పరిస్థితి. ఈ రికార్డు తయారైందే అలా.

పెళ్ళిలో ఆకు మీద పప్పు ఒక పక్క, పులిహోర ఒక పక్క, పచ్చడి మూలకి వడ్డిస్తే దేని రుచి దానికి తెలుస్తుంది. ఇక్కడ ఆకు కనపడకుండా వడ్డించి, దాని మీద ఇంకో ఆకు పరిచి మళ్ళీ వడ్డించారు. రెండో పాట మై బిగ్ మౌత్‌లో గిటార్లే 30 ట్రాకుల దాకా, అంటే ఒకదాని మీద ఒకటి రికార్డు చేసిన 30 వరసల దాకా ఉన్నాయంటారు. డిస్టార్షన్ పెట్టిన గిటార్ ఒక్కటి చాలండి మధ్య ఫ్రీక్వెన్సీలన్నీ నిండిపోడానికి, గొంతు స్పష్టంగా వినపడాల్సింది కూడా అక్కడే, మన చెవికి బాగా చురుకు ఉండేది కూడా సుమారు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యే. అక్కడే వరసలు పేర్చుకుంటూ పోతే సౌండు పెద్దదవ్వదు, బురదవుతుంది, బాస్ ఎక్కడుందో టార్చిలైటు వేసి వెతుక్కోవాలి. దానికి తోడు కంప్రెషన్, అంటే చిన్న సౌండుని లేపి పెద్ద సౌండుని నొక్కి అంతా ఒకే ఎత్తుకి తెచ్చెయ్యడం, ఇక చెవికి ఊపిరి పీల్చుకునే సందే ఉండదు. మీ కణతలు లాగింది అందుకే. ఏమాటకామాట, 'మార్నింగ్ గ్లోరీ' కూడా గట్టిగా మోగించిన రికార్డే, రెండిటికీ ప్రొడ్యూసర్లు ఓవెన్ మోరిస్, బ్యాండులో పాటలు రాసే గిటారిస్టు నోయెల్ గాలగరే, కానీ అందులో మధ్య మధ్యలో నెమ్మదైన పాట వచ్చి చెవికి కుర్చీ వేస్తుంది, 50 నిమిషాల్లో వదిలేస్తుంది కూడా.

ఎందుకిలా చేశారయ్యా అంటే, 1996 ఆగస్టు 10, 11 తారీఖుల్లో ఇంగ్లండులోని నెబ్‌వర్త్‌లో రెండు రోజులకి కలిపి రెండున్నర లక్షల మంది ముందు వాయించారు. అక్టోబరుకల్లా ఆబీ రోడ్ స్టూడియోలో ఈ ఆల్బమ్ మొదలెట్టేశారు. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో ఉండగా 'అన్నా ఈ గిటార్ తీసేద్దాం, ఈ పాట నాలుగు నిమిషాలకి ఆపుదాం' అనే ధైర్యం ఎవడికుంటుంది చెప్పండి. మత్తు సంగతులు వాళ్ళే తర్వాత బోలెడు చెప్పుకున్నారు, అది వేరే. ఆల్ అరౌండ్ ద వరల్డ్ అసలు మొదటి ఆల్బమ్ కంటే ముందు నుంచీ ఉన్న పాట, ఆర్కెస్ట్రా పెట్టే స్తోమత వచ్చాక తీద్దామని నోయెల్ దాచిపెట్టుకున్నాడు. స్తోమత వచ్చింది, పాట తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లయింది, అది చాలదన్నట్టు ఆల్బమ్ చివర రిప్రైజ్ అని అదే ట్యూన్ మళ్ళీ ఇంకో రెండు నిమిషాలు. మా వీధిలో ఒకాయనకి ఓ ఏడాది మిర్చి రేటు కలిసొస్తే మేడ కట్టి పిట్టగోడకి కూడా గ్రానైట్ వేయించాడు, అదీ ఇదీ ఒకటే.

మీరు చేయాల్సింది, ముందు వాల్యూమ్ తగ్గించండి, బస్సు చప్పుడు మీద వినపడాలని మనం పెంచేస్తాం, ఇదేమో అసలే ఫుల్లు. ఈక్వలైజర్ ఉంటే 3 కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త దించండి. ఇంకోటి, 2016లో వచ్చిన పెద్ద ఎడిషన్‌లో మస్టీక్ డెమోలని ఉంటాయి, స్టూడియోకి వెళ్ళకముందు మస్టీక్ అనే దీవిలో రికార్డు చేసుకున్నవి, ఇవే పాటలు ఇంత బరువు లేకుండా. అవి విన్నాకే నాకు ఈ పాటల మీద గౌరవం వచ్చింది. అప్పుడే నోయెల్ ఆల్బమ్ మొత్తం మళ్ళీ ఎడిట్ చేద్దామని కూర్చుని మొదటి పాట ఒక్కటి చేసి వదిలేశాడు, చేసినాయనకే ఓపిక లేకపోతే మీరు మూడు రోజులు కూర్చున్నారు, మెచ్చుకోవాలి.

అరండల్‌పేట_అమ్మడు:

అబ్బబ్బ, మళ్ళీ మొదలెట్టారా గిటార్ గారూ. ఈ ఆల్బమ్ పేరెత్తితే చాలు బురద, కంప్రెషన్, కిలోహెర్ట్జ్. దసరాకి అమ్మవారి ఊరేగింపు వీధి చివర్నుంచి వస్తుంటే డప్పులు విని 'మిక్సింగ్ బాలేదండీ' అంటామా? అరుగు మీదకొచ్చి నిలబడతాం, గుండెల్లో దడదడలాడుతుంటే బాగుంటుంది, వెళ్ళిపోతుంది. ఇదీ అలాంటిదే, ఇరుకు బస్సులో ఇయర్‌ఫోన్లు చెవుల్లోకి కుక్కుకుని వినేది కాదు. నేను ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆదివారం బూజులు దులుపుతూ స్పీకర్లో పెడతా, నాలుగు గదులు అయ్యేసరికి ఆల్బమ్ అయిపోతుంది, ఒక్క రోజు కూడా తలనొప్పి రాలేదు.

అసలు దీనికి జరిగినంత అన్యాయం ఏ ఆల్బమ్‌కీ జరగలేదు. బ్రిటన్‌లో విడుదలైన మొదటి రోజే 4,24,000 కాపీలు పోయాయి, రివ్యూలు రాసినోళ్ళు ఆహా ఓహో అన్నారు, ఏడాది తిరక్కుండా అందరూ నాలుక మడతేశారు. సరే బయటోళ్ళు పోనీ, బ్యాండు వాళ్ళే 2006లో 'స్టాప్ ద క్లాక్స్' అని తమ మంచి పాటల కలెక్షన్ వేసుకుంటే దీంట్లోంచి ఒక్కటంటే ఒక్కటి లేదు, నలుగురు పిల్లల్లో ఒకదాన్ని ఇంట్లో వదిలేసి మిగతావాళ్ళని పేరంటానికి తీసుకెళ్ళినట్టు. మరి 2025లో అన్నదమ్ములు నోయెల్, లియమ్ మళ్ళీ కలిసి టూర్ చేసినప్పుడు ఏం పాడారు? స్టాండ్ బై మీ ఉంది, ఆ ఏడు నిమిషాల మొదటి పాటా ఉంది, స్టేడియాలు ఊగిపోయాయి. అంత పెద్ద పాటలు అంత పెద్ద చోటు కోసమే, దానికి బస్సు సీటుది తప్పు గానీ పాటది కాదు.

ఎనిమిదో పాట డోంట్ గో అవే దాకా వెళ్ళారా బాబు గారూ? అక్కడ మీకు కావాల్సిన నెమ్మది ఉంది. సింగర్ లియమ్ గొంతు ఆ పాటలో ఉన్నంత మెత్తగా నాకు ఇంకెక్కడా అనిపించలేదు. మూడో పాట మ్యాజిక్ పై మాత్రం, ఒప్పుకుంటా, నేను కూడా ఆ టైముకి టీ పెట్టుకోడానికి వెళ్తా 😄

చిల్లర_దేవుళ్ళు:

ఇంత కష్టం ఎందుకు బ్రో, అదే 1997లో రేడియోహెడ్ 'ఓకే కంప్యూటర్' వచ్చింది, అది పెట్టుకో, 53 నిమిషాలే, గుంటూరు రాకముందే అయిపోతుంది.

గుంటూరు_గిటార్:

అమ్మడు గారూ, డోంట్ గో అవే విషయంలో మీతో గొడవ లేదు, అందులో వాయిద్యాలు కాస్త పక్కకి జరిగి గొంతుకి చోటిచ్చాయి, నేను చెప్పేదీ అదే కదా. ఊరేగింపు పోలిక కూడా బాగుంది గానీ, ఊరేగింపు మన ఇంటి ముందు 71 నిమిషాలు ఆగదు.

పాత_టేపు:

నేను ఈ ఆల్బమ్ 1998 నుంచి వింటున్నా, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా బోర్ కొట్టలేదు, కారణం చెప్తే నవ్వుతారు.

అప్పుడు బెజవాడలో ఇంటర్, హాస్టల్. మా రూమ్మేట్ వాళ్ళ అన్నయ్య దగ్గర ఒరిజినల్ క్యాసెట్ ఉండేది, ముట్టుకోనిచ్చేవాడు కాదు, ఒక్క ఆదివారం బతిమాలి తెచ్చాం. బీసెంట్ రోడ్డులోంచి పక్క సందులోకి వెళ్తే అప్పట్లో ఒక కుర్రాడు క్యాసెట్ కాపీ చేసిచ్చేవాడు, మనమే ఖాళీ క్యాసెట్ పట్టుకెళ్తే ఇంకా తక్కువ. మా దగ్గరున్న డబ్బులకి 60 నిమిషాలదే వచ్చింది. 90ది కొనాలని మాకేం తెలుసు, ఇంగ్లీషు పాటల క్యాసెట్ అంటే గంట కంటే ఎక్కువ ఉంటుందని ఎవడనుకుంటాడు. ఆ కుర్రాడు ప్లేయర్లో పెట్టి వదిలేశాడు, ఎంత పడితే అంత.

ఏమైందంటే, మొదటి నాలుగు పాటలూ శుభ్రంగా వచ్చాయి, ఐదో పాట చివర్లో సరిగ్గా ముగిసేచోట టక్. అవతలి సైడు ఆరో పాట నుంచి తొమ్మిదో పాట దాకా, తర్వాత ఆల్ అరౌండ్ ద వరల్డ్ ఏడు నిమిషాలు మోగి, జనం అంతా కలిసి నానానా అని పాడుతూ పాడుతూ ఉండగా టక్. అంతే. నాకు దాని తర్వాత ఇంకో రెండు నిమిషాలుందని తెలీదు, పదకొండో పాట ఒకటుందని తెలీదు, ఆ రిప్రైజో ఏదో ఉందని అసలే తెలీదు. అది అలా తెగిపోవడమే ఆ పాట గొప్పతనం అనుకునేవాణ్ణి, ఫ్రెండ్స్‌కి కూడా చెప్పేవాణ్ణి, చూడండ్రా ఎలా ఆపాడో అని. టేపు అప్పటికే రెండు మూడు చేతులు మారిన సౌండు కాబట్టి గిటార్ గారు చెప్పిన ఆ పదునంతా అరిగిపోయి మెత్తగా ఉండేది, కీచుమనేది కాదు.

పదేళ్ళ తర్వాత ఎమ్పీత్రీలో పూర్తి ఆల్బమ్ దొరికితే ఎంతో ఆశగా పెట్టా. నా టక్ రావాల్సిన చోట రాలేదు. పాట అలా పోతూనే ఉంది. నిజంగా చెప్తున్నా, నాకు తెలిసిన ఇంటికి వెళ్తే వెనక ఇంకో మూడు గదులు కట్టినట్టు ఉంది, ఎవరూ ఉండని గదులు.

మన మంగళగిరి పానకాల స్వామి ఎన్ని బిందెలు పోసినా సగం తాగి సగం భక్తుడికే వదిలేస్తాడు. బాబు గారు రోజూ ఆ కొండ కిందనుంచే కదా వెళ్ళేది.

అరండల్‌పేట_అమ్మడు:

పాత టేపు గారూ మీరు ఇన్నాళ్ళూ విన్నది ఒయాసిస్ ఆల్బమ్ కాదు, ఆ సందులో కుర్రాడు ఎడిట్ చేసిన ఆల్బమ్ 😂😂 అతనికి ప్రొడ్యూసర్ క్రెడిట్ ఇవ్వాలి.

పాత_టేపు:

నోయెల్ 2016లో కూర్చుని చేయలేనిది అతను 1998లో చేశాడండి, చేయి కూడా పెట్టకుండా.

బందరురోడ్డు_బాబు:

అందరికీ థాంక్స్ అండి. గురువారం గిటార్ గారు చెప్పినట్టు వాల్యూమ్ సగానికి పెట్టి విన్నా, తేడా ఉంది, ఏడో పాటలో ఆ స్లైడ్ గిటార్ మొదటిసారి విడిగా వినపడింది, అది వాయించింది సినిమాల జానీ డెప్ అని మా తమ్ముడు చెప్తే నమ్మలేదు, చూస్తే నిజమే. డోంట్ గో అవే కూడా అమ్మడు గారన్నట్టే ఉంది, దాన్ని మళ్ళీ ఇంకోసారి పెట్టుకోబోయి నా రూలు గుర్తొచ్చి ఆగా. కానీ పదో పాట దగ్గర మళ్ళీ అదే కథ, చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోయింది.

ఇవాళ పాత టేపు గారి లెక్కన విన్నా. ఫోన్లో టైమరు పెట్టి, ఐదో పాట చివర ఒక బ్రేకు, ఆల్ అరౌండ్ ద వరల్డ్ ఏడు నిమిషాల దగ్గర కట్. బస్సు సరిగ్గా పెదకాకాని దాటింది, నానానా మధ్యలో ఆగిపోయింది, చెవుల్లో ఏమీ లేదు, కండక్టరు ఎవరితోనో చిల్లర గురించి గొడవపడుతున్నాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఇంకాసేపు ఉంటే బాగుండనిపించింది. ఒక్కటే లోటు, టైమరు ఆపినప్పుడు ఫోన్ ఏ చప్పుడూ చెయ్యట్లేదు.

పాత_టేపు:

ఆ టక్ లేకపోతే కుదరదు. ఇంట్లో అటక మీద చూడండి, పాత టేప్‌రికార్డర్ ఏదైనా ఉంటే స్టాప్ బటన్ నొక్కి ఆ సౌండు రికార్డు చేసుకుని చివర్లో అతికించండి. దొరక్కపోతే చెప్పండి, నాది ఇంకా పనిచేస్తోంది, చేసి పంపిస్తా.