'పాల కారకం' అనాలా, 'పాల వైరస్' అనాలా?

ప్రశ్న: చిట్టెలుకల స్తన కణితులపై జాన్ బిట్నర్ 1936లో ప్రకటించిన పరిశోధనను గురించి తెలుగులో వ్యాసం వ్రాస్తున్నాను. ఆయన 'మిల్క్ ఫ్యాక్టర్' (పాల కారకం) అన్నది వైరస్ అని తరువాత తేలింది కనుక, మొదటి నుంచే 'పాల వైరస్' అని వ్రాయవచ్చునా?

జవాబు: వ్రాయకూడదని నా అభిప్రాయం. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో బిట్నర్, స్తన కణితులు ఎక్కువగా వచ్చే వంశపు పిల్లలను పుట్టగానే తల్లి నుంచి వేరుచేసి, ఆ జబ్బు అరుదుగా వచ్చే వంశపు తల్లుల దగ్గర పాలు తాగించగా, పెద్దయ్యాక వాటిలో కణితులు బాగా తగ్గాయి. దీనిని బట్టి పాలతోపాటు ఏదో అందుతున్నదని ఆయన చెప్పగలిగారు గాని, అది ఏమిటో చెప్పడానికి ఆధారం లేదు. పైగా క్యాన్సర్‌కు వైరస్ కారణమంటే శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది నమ్మని కాలమది. కోళ్ల కణితి వైరస్‌ను 1911లో చూపిన పేటన్ రౌస్‌కు నోబెల్ బహుమతి 1966లో గాని రాలేదంటే ఆ అపనమ్మకం ఎంత గట్టిదో ఊహించవచ్చు. బిట్నర్ 'వైరస్' అనకుండా జాగ్రత్తగా ఎంచుకున్న మాటను మనం మార్చివేస్తే, ఆయనకు అప్పటికి తెలియనిదాన్ని తెలిసినట్టుగా పాఠకునికి చెప్పినవాళ్లమవుతాము.

మరొక సభ్యురాలు: అంగీకరిస్తాను. కానీ 'కారకం' అనగానే మన వ్యాకరణంలోని కర్తృ, కర్మ కారకాలు గుర్తుకు రావా, మాస్టారూ?

జవాబు: వస్తాయమ్మా, అయినా 'వ్యాధికారకం' అనే మాట పత్రికలలో ఎప్పుడో స్థిరపడింది కనుక వాక్యంలో తికమక ఉండదు. చేసేది, కలిగించేది అన్న అర్థం మాత్రమే ఇచ్చి, ఆ చేసేది ఏమిటో చెప్పకపోవడమే ఇక్కడ ఈ మాటకున్న బలం.

1950ల చివరి నాటి సంగతికి వచ్చేటప్పటికి ఈ సంకోచం అక్కరలేదు. అమెరికా శాస్త్రజ్ఞులు సారా స్టూవర్ట్, బెర్నీస్ ఎడ్డీ కలిసి కణవర్ధనంలో (శరీరం వెలుపల పెంచిన కణాలలో) పెంచి, చిట్టెలుకలలో అనేక రకాల కణితులు కలిగిస్తుందని చూపినదానిని 'పాలియోమా వైరస్' అనే వ్రాయండి. దానికి తెలుగు చేసిన 'బహ్వర్బుద వైరస్' (బహు + అర్బుద, అంటే అనేక కణితుల వైరస్) సంధి ప్రకారం ఒప్పే అయినా నోరు తిరగదు. బిట్నర్ కనుగొన్నదాని నేటి పేరుకు 'చిట్టెలుక స్తన కణితి వైరస్' సరిపోతుంది. దానిలో 'పాల' అని చేర్చవద్దు: ఆ వైరస్ పాల ద్వారానే కాక, కొన్ని వంశాలలో జన్యువులలో కలిసిపోయి తల్లిదండ్రుల నుంచి పిల్లలకు నేరుగా సంక్రమిస్తుంది.