చెల్లికి హిమోగ్లోబిన్ పెరగట్లేదు, సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టు చూసి చెప్పగలరా?

రాయగడ అక్క:
నమస్కారమండీ. మాది రాయగడ. మా చెల్లికి 22 ఏళ్లు. ఇంటర్ చదివేటప్పటి నుంచి హిమోగ్లోబిన్ పది దగ్గరే ఉండిపోయింది. నెలల తరబడి ఐరన్ మాత్రలు వేసుకుంది. బీట్‌రూట్, ఖర్జూరం, రాగి జావ, అమ్మ పెట్టనిది లేదు. మొన్న చేయించిన సీబీసీలో ఇలా వచ్చింది: హిమోగ్లోబిన్ 10.1, ఆర్‌బీసీ 5.6 మిలియన్లు, ఎంసీవీ 60, ఎంసీహెచ్ 18, ఆర్‌డీడబ్ల్యూ 15.2, తెల్లకణాలు 7,800, ప్లేట్‌లెట్లు 2.9 లక్షలు. మందుల షాపు ఆయన "రక్తం తక్కువ, ఇంకో మూడు నెలలు అవే వాడండి" అన్నారు. కాలేజీ క్యాంపులో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేస్తే నెగెటివ్ వచ్చింది.

వచ్చే మాఘంలో దాని పెళ్లి. పెళ్లికొడుకు పార్వతీపురంలో ఉండే మా మేనత్త కొడుకే. ఈ రిపోర్టు అత్త కంటపడితే ఏమంటుందోనని అమ్మకు ఒకటే టెన్షన్. మిగతా అంకెల అర్థం ఏమిటో ఎవరైనా చెప్పండి.

జయపురం నుంచి:
మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగుతోందేమో అడగండి. టీతో ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసంతో వేసుకోమనండి.

పర్లా ల్యాబ్:
టీ సంగతి నిజమే, కానీ ఈ రిపోర్టులో నా కన్ను పడింది వేరే చోట. నేను పర్లాకిమిడిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి మిగతా కాగితం మడిచేసే వాళ్లను రోజూ చూస్తుంటాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12 కంటే తక్కువుంటే, గర్భిణులకు 11 కంటే తక్కువుంటే రక్తహీనత అంటాం. అది ఉందని మాత్రమే ఆ అంకె చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. కారణం ఎటువైపు ఉందో చూపించేది ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు సైజు. మామూలుగా 80 నుంచి 100 ఉండాలి. మీ చెల్లిది 60, అంటే కణాలు బాగా చిన్నవి. ఐరన్ లోపంలోనూ చిన్నవవుతాయి, కానీ అప్పుడు ఒంట్లో ముడిసరుకే ఉండదు కాబట్టి కణాల సంఖ్య కూడా తగ్గుతుంది. ఇక్కడ సంఖ్య 5.6 మిలియన్లు, ఆడవాళ్లకు ఇది ఎక్కువే. ఎంసీవీని ఆర్‌బీసీతో భాగించి చూడండి: 60ని 5.6తో భాగిస్తే 10.7. 13 కంటే తక్కువ వస్తే ఐరన్ లోపం కంటే బీటా థలసీమియా ట్రెయిట్‌నే ముందు అనుమానిస్తాం. థలసీమియా అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య లోపం, ట్రెయిట్ అంటే ఆ లోపం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే రావడం. ఇది అనుమానమే, నిర్ధారణ కాదు.

ఇలాంటి రక్తాన్ని స్లైడు మీద చూస్తే కణాలు చిన్నగా, వెలవెలబోతూ ఉంటాయి. కొన్నింటికి మధ్యలో బొట్టు పెట్టినట్టు కనిపిస్తుంది, వాటిని టార్గెట్ సెల్స్ అంటారు.

ఇక క్యాంపు పరీక్ష. 2023 జూలైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక మన గిరిజన జిల్లాల్లో ఇవి బాగా జరుగుతున్నాయి, మంచి పని. రక్తాన్ని ట్యూబులోని ద్రవంలో కలిపి, దాని వెనక గీతలున్న కాగితం పెడతాం. గీతలు కనిపిస్తే నెగెటివ్, ద్రవం మబ్బుగా మారి కనిపించకపోతే పాజిటివ్. అది పట్టుకునేది సికిల్ హిమోగ్లోబిన్‌ని మాత్రమే. థలసీమియా ట్రెయిట్ దానికి దొరకదు. కాబట్టి ఆ నెగెటివ్ చూసి ఊరుకోవద్దు.

చేయించాల్సినవి రెండు: ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూసేది), హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసేది). హెచ్‌పీఎల్‌సీలో హెచ్‌బీ ఏ2 అనే భాగం 3.5 శాతం దాటితే ట్రెయిట్ ఉన్నట్టు లెక్క. రెండూ ఎందుకంటే, ఐరన్ లోపం గట్టిగా ఉంటే ఏ2 తగ్గి కనిపించి అసలు విషయం దాక్కుంటుంది. ఈ మధ్య రక్తం ఎక్కించి ఉంటే హెచ్‌పీఎల్‌సీకి ముందే ఆ మాట చెప్పండి, దాత కణాలు కలిసి లెక్క తప్పుతుంది.

అమ్మగారికి ఈ మాట చెప్పండి: ట్రెయిట్ జబ్బు కాదు. మీ చెల్లి అందరిలాగే నిండు జీవితం బతుకుతుంది. పిల్లల విషయంలో మాత్రమే జాగ్రత్త కావాలి. మేనరికం అన్నారు కదా. ఇది మీ నాన్నగారి వైపు నుంచి వచ్చి ఉంటే అత్తకూ ఉండవచ్చు, అత్త నుంచి బావకూ వచ్చి ఉండవచ్చు. ఇద్దరికీ ట్రెయిట్ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు థలసీమియా మేజర్, అంటే అసలు జబ్బు, వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. బావకు సికిల్ ట్రెయిట్ ఉన్నా, రెండూ కలిసి బిడ్డకు జబ్బు రావచ్చు. అందుకే బావకూ హెచ్‌పీఎల్‌సీ చేయించండి, పెళ్లికి ముందే.

బరంపురం అమ్మ:
మా బాబుకి థలసీమియా మేజర్. నెలనెలా రక్తం ఎక్కించాలి. ఎక్కిస్తున్న కొద్దీ ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది, దాన్ని తీసేందుకు మళ్లీ మందులు. పెళ్లికి ముందు మాకు ఈ పరీక్ష ఒకటుందని చెప్పినవాళ్లు లేరు. మీ అత్త కోపగించుకున్నా సరే, అడగండమ్మా.

రాయగడ అక్క:
చదివి చాలాసేపు అలాగే కూర్చున్నానండీ. రాత్రి నేనే బావకు ఫోన్ చేశాను. "నేనూ చేయించుకుంటా, అమ్మతో నేను మాట్లాడతా" అన్నాడు. ఒకవేళ ఇద్దరికీ ఉందని తేలితే పెళ్లి మానుకోవాల్సిందేనా? పరగడుపున వెళ్లాలా?

పర్లా ల్యాబ్:
మానాలని రూలేమీ లేదు, అది వాళ్లిద్దరూ తెలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. గర్భం వచ్చాక పదకొండు, పన్నెండు వారాలప్పుడు బిడ్డకు జబ్బుందో లేదో చూసే పరీక్ష ఉంది. పెద్ద ఆసుపత్రిలో ముందుగానే మాట్లాడి పెట్టుకోవాలి.

పరగడుపు అక్కర్లేదు, టిఫిన్ చేసే వెళ్లండి. చిన్న ల్యాబులైతే శాంపిల్ బయటి ఊరికి పంపుతాయి కాబట్టి రిపోర్టు ఆలస్యం కావచ్చు. పాత సీబీసీ కాగితాలన్నీ పట్టుకెళ్లండి. ఐరన్ కొనసాగించాలా వద్దా అనేది ఫెరిటిన్ వచ్చాక షాపులో కాదు, డాక్టరునే అడగండి.