జాగ్రఫీ పాఠం రాష్ట్రాల సరిహద్దుల దగ్గర మొదలుపెడితే తప్పేంటి?

తుంగభద్ర ఒడ్డు:
మా అమ్మాయి ఏడో తరగతి. నిన్న రాత్రి మ్యాపు ముందేసుకుని రాష్ట్రాలు, రాజధానులు బట్టీ పడుతూ యానాం దగ్గర ఆగిపోయింది. "నాన్నా, ఇది కాకినాడ పక్కనే ఉంది కదా, పుదుచ్చేరి అని రాశారేంటి, పుస్తకంలో తప్పు పడిందా?" అంది. తప్పు కాదమ్మా, అది ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు, 1954లో మన చేతికొచ్చినా పుదుచ్చేరితోనే ఉండిపోయింది, తమిళనాడు పక్కన కారైకాల్, కేరళ పక్కన మాహే కూడా అంతే అని చెప్పాను. వెంటనే ఆ మూడూ వెతికి, మూడూ సముద్రానికి దగ్గర్లో నది పక్కనే ఉన్నాయని తనే పట్టేసింది, ఓడలు రావడానికేనా అని కూడా అడిగింది. రేవు ఎక్కడ పెడతారు, ఎందుకు పెడతారు అన్న పాఠం నేను చెప్పకుండానే వచ్చేసింది. అందుకే అడుగుతున్నా, బడిలో జాగ్రఫీని సరిహద్దులు ఎలా పుట్టాయన్న దగ్గర మొదలుపెడితే పిల్లలకు ఇంకా బాగా ఎక్కదా?

సోషల్ మాస్టారు:
నేను ఒప్పుకోనండీ. ఇరవై ఏళ్లుగా సోషల్ చెబుతున్నాను. మీరు చెప్పింది చరిత్ర, జాగ్రఫీ కాదు. 1953లో బళ్లారి మైసూరుకు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. దాంతో నేల మారిందా? ఆలూరు నల్లరేగడి బళ్లారి వైపు వెళ్లినా నల్లరేగడే, అదే ఎండ, అదే జొన్న, అదే పత్తి. అనంతపురంలో వాన ఎందుకు తక్కువంటే పడమటి కనుమల దగ్గరే మబ్బు సగం కురిసేస్తుంది కాబట్టి. ఆ సంగతి ఏ రాష్ట్రం గీతా చెప్పదు. ముందు గీతలు చూపిస్తే పిల్లలకు గీతలే నేల అనిపిస్తాయి, అవతలివాళ్లది వేరే లోకం అనుకుంటారు. నా భయం అది.

తుంగభద్ర ఒడ్డు:
మాస్టారూ, రేగడి మాట కాదనను. కానీ మా కర్నూలు చూడండి. ఊరి బయట బ్రిడ్జి ఎక్కి దిగితే తెలంగాణ. ఈ హద్దు 2014లో పుట్టిందని మా కుర్రాళ్లు అనుకుంటారు. 1800లో నిజాం సైన్యం ఖర్చు కింద ఇంగ్లీషువాళ్లకు దత్తమండలాలు, అంటే మన రాయలసీమ, బళ్లారి వైపు నేల, రాసిచ్చినప్పుడే తుంగభద్రకు, అది కృష్ణలో కలిశాక కృష్ణకు దక్షిణాన ఉన్నది మీది అని రాసుకున్నారు. 1953లో కర్నూలు ఆంధ్ర రాజధాని అయినప్పుడూ నది అవతల హైదరాబాదు రాష్ట్రమే. 1956 తర్వాత అది జిల్లాల హద్దుగా ఉండి, 2014లో మళ్లీ రాష్ట్రాల హద్దయింది.

మరి నదినే ఎందుకు ఎంచుకున్నారు అని పిల్లని బ్రిడ్జి మీదికి తీసుకెళ్లి అడిగాను. ఎండాకాలం కాబట్టి కింద బండలు, ఇసుక, మధ్యలో సన్నటి పాయ, బట్టలు ఉతుక్కుంటున్న వాళ్లు. 2009 అక్టోబరులో ఇదే నది, హంద్రీ కలిసి ఊరిని ముంచేశాయంటే నమ్మలేక, ఇంత నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి అంది. అప్పుడు కనుమలు, వానలు, డ్యాములు అన్నీ చెప్పాల్సి వచ్చింది. మీ పాఠమే మాస్టారూ, కాకపోతే ఆ పిల్ల అడిగి మరీ చెప్పించుకుంది.

భద్రాద్రివాసి:
మా భద్రాచలం కథ వినండి. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న మా ప్రాంతాన్ని 1860లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాడు. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, 1874 నుంచి మద్రాసులో, తర్వాత ఆంధ్రలో తూర్పు గోదావరి జిల్లా, 1959లో ఖమ్మం జిల్లా. 2014లో పోలవరం ముంపు వచ్చే మండలాలను ఆంధ్రకు ఇచ్చి, ఊరిని మాత్రం తెలంగాణలో ఉంచారు. ఇప్పుడు పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్ర. రామాలయం మా దగ్గర, గుడి భూములు చాలావరకు పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో. ఈ హద్దు అర్థం కావాలంటే పోలవరంలో 150 అడుగుల మట్టం దాకా నీళ్లు నిలిపితే వెనక్కి ఎంతదూరం ఎక్కుతాయో, ఏ ఊరు పల్లంలో ఉందో, శబరి ఎక్కడ కలుస్తుందో తెలియాలి. మాకు ఇది పరీక్ష ప్రశ్న కాదండీ, బతుకు. మాస్టారూ, ఇది చరిత్రా జాగ్రఫీయా, మీరే చెప్పండి.

సోషల్ మాస్టారు:
మీ ఊరి విషయంలో నా మాట నిలవదు, ఒప్పుకుంటున్నాను. మట్టం లెక్క అసలైన జాగ్రఫీ. అయినా ఒక షరతు. ముందు కొండలు, నదులు ఉన్న మ్యాపు పెట్టండి. దానిమీద ట్రేసింగ్ పేపరు వేసి రాష్ట్రం హద్దు పిల్లల చేతే గీయించండి. గీత నది మీద నడిచినంతమేర నీలం, నదిని వదిలేసిన చోట ఎరుపు. ఎరుపు ఎందుకొచ్చిందో అప్పుడు మీ చరిత్ర చెప్పండి. గీత ముందు, నేల తర్వాత అంటే మాత్రం నా క్లాసులో కుదరదు.

తుంగభద్ర ఒడ్డు:
ఆదివారం చేయించాను మాస్టారూ. కృష్ణ మీదుగా నాగార్జునసాగర్ దాకా, ఇంకొంచెం కిందికి కూడా నీలమే వచ్చింది. చిత్తూరు కిందికి వెళ్లేసరికి ఒకటే ఎరుపు, పైగా వంకర్లు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసుకు వెళ్లిందని, సత్యవేడు వైపు ఊళ్లు ఇటు వచ్చాయని చెప్పాను. "ఆ ఊళ్లవాళ్లని ఎవరైనా అడిగారా?" అంది. తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువా తమిళం మాట్లాడేవాళ్లు ఎక్కువా అని ఊరూరా లెక్క చూశారమ్మా అన్నాను. అయితే రెండూ మాట్లాడేవాళ్లని ఎటు రాశారు అని అడిగింది. ఇక్కడ తిరుత్తణి వైపు వాళ్లు ఎవరైనా ఉంటే మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయండి, తనకి చదివి వినిపిస్తాను.